హార్మణీ పెట్టె కన్న మోటారు సైకిల్

చింతలపూడి వైపు నుంచో, జంగారెడ్డిగూడెం వైపు నుంచో కామవరపుకోట సెంటర్లోకి ఓ పాత ఆర్ఎక్స్ 100 వస్తోందంటే తల తిప్పి చూడక్కర్లేదు. చెవులే చెప్పేస్తాయి. బుల్లెట్టయితే దడదడలాడుతూ వస్తుంది. హీరో హోండా వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. ఇది మాత్రం సన్నగా, పదునుగా, కొంచెం కోపంగా ‘రయ్‌’మంటుంది. టీ కొట్టు దగ్గర నడివయసు వాళ్లెవరైనా ఉంటే గ్లాసు చేతిలోనే ఆగిపోతుంది. ఆ శబ్దంలో వాళ్ల పాతికేళ్ల వయసుంది మరి!

ఆ బండిని తయారుచేయడం ఆపేసింది 1996లో. అంటే, దాని మీద మోజుపడుతున్న కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అయినా దాని కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. పశువుల పాకల్లో, ధాన్యం బస్తాల వెనక మూలపడున్న బండ్ల కూపీ లాగుతారు. తుప్పు పట్టిన అస్థిపంజరానికి కూడా బేరం పెడతారు. బాగుచేయించి మెరుగులు దిద్దిన బండి లక్ష దాటి పలుకుతోంది.

ట్యాంకు మీద ఓ చిన్న గుర్తుంటుంది. గుండ్రటి చట్రంలో మూడు కడ్డీలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. బండిని రోజూ తుడిచేవాళ్లలో కూడా అవేమిటో పట్టించుకున్నవాళ్లు తక్కువ. అవి పానాలూ కాదు, స్క్రూడ్రైవర్లూ కాదు. శ్రుతి దండాలు. సంగీత వాద్యాలకు శ్రుతి సరిచూసుకోవడానికి వాడే ట్యూనింగ్ ఫోర్కులు.

మోటారు సైకిలుకు శ్రుతి దండాలతో పనేమిటి? ఆ కథ తెలియాలంటే దాదాపు నూట నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. జపాన్‌లోని హమామట్సు పట్నంలో ఓ పిల్లల బడికి...

రెండు స్ప్రింగులు

1887. ఆ బడిలో అమెరికా నుంచి తెప్పించుకున్న ఆర్గాన్ ఒకటుంది. మన భజన మండళ్లలో, పద్య నాటకాల్లో కనిపించే హార్మోనియానికి పెద్దక్క లాంటిది. కాళ్లతో తొక్కుతుంటే గాలి పుడుతుంది, చేతులతో మెట్లు నొక్కితే లోపలి లోహపు రీడ్లు మోగుతాయి. అది కాస్తా మూగబోయింది. బాగుచేసేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఎవరో చెప్పారు... ఊళ్లో వైద్య పరికరాలు రిపేరు చేసే ఓ మనిషున్నాడు, ఏ యంత్రమైనా విప్పి చూస్తాడు, పిలిపించండని.

ఆయనే తొరకుసు యమహా. 1851లో పుట్టాడు. తండ్రి అప్పటి సంస్థానంలో ఖగోళ లెక్కలు చూసే ఉద్యోగి. చిన్నప్పటి నుంచీ యంత్రాలంటే పిచ్చి. నాగసాకి వెళ్లి గడియారాల రిపేరు నేర్చుకున్నాడు. తర్వాత వైద్య పరికరాల పనిలో దిగాడు. ఆస్పత్రి సామాను బాగుచేసే పని మీదే హమామట్సు చేరాడు. చేతిలో పని ఉంది గానీ డబ్బు లేదు.

ఆర్గాన్ విప్పి చూస్తే లోపల రెండు స్ప్రింగులు విరిగున్నాయి. అంతే రోగం. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. లోపలున్నదంతా బొమ్మ గీసుకున్నాడు. అప్పట్లో ఆ పెట్టె ఖరీదు 45 యెన్లు. ఓ బడికి పెను భారం. ‘ఇందులో మనం చేయలేనిదేముంది?’ అనిపించింది. కవాయి అనే నగిషీ పనివాడిని తోడు పిలిచాడు. ఇద్దరూ కూర్చుని రెండు నెలల్లో ఓ ఆర్గాన్ తయారుచేశారు.

మరి అది బాగుందని చెప్పేవాళ్లెవరు? టోక్యోలోని సంగీత సంస్థలో చూపించాలన్నారు. టోక్యో ఎంత దూరం? దాదాపు 250 కిలోమీటర్లు. మధ్యలో హకోనే కొండలు. రైలు మార్గం ఇంకా పూర్తికాలేదు. ఇద్దరూ ఆర్గాన్‌ను కావడిలా గడకు కట్టుకుని, చెరో భుజం కాసి నడక మొదలుపెట్టారు!

తీరా అంత దూరం మోసుకెళితే పెద్దలు వాయించి చూసి పెదవి విరిచారు. పెట్టె బాగుంది, శ్రుతి కుదరలేదన్నారు. కర్ర పనీ ఇనుప పనీ వచ్చినంత మాత్రాన వాద్యం కాదు కదా! ఇంకొకరైతే పెట్టెను అక్కడే వదిలేసి వచ్చేవారేమో. యమహా మాత్రం ఆ సంస్థలోనే ఓ నెల పాటు కూర్చుని సంగీత శాస్త్రం పాఠాలు విన్నాడు. శ్రుతి దండం సంపాదించాడు. తిరిగొచ్చి, దాన్ని మోగిస్తూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఒక్కో రీడూ సరిచేస్తూ రెండో ఆర్గాన్ చేశాడు. ఈసారి టోక్యో పెద్దలు విదేశీ పెట్టెలకు ఇది తీసిపోదన్నారు.

1897లో ‘నిప్పన్ గక్కి’ అనే కంపెనీ పుట్టింది. ఆ మాటకు జపాన్ వాద్యాలు అని అర్థం. మరుసటేడు శ్రుతి దండం దాని గుర్తయింది. 1900లో పియానో తయారుచేశారు. 1916లో తొరకుసు కన్నుమూశాడు. తన పేరున్న మోటారు సైకిల్ రోడ్ల మీద తిరుగుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

కర్ర పని నుంచి రెక్కల పనికి

పియానో చేయడమంటే కర్రను వంచడం, అతకడం, నునుపు చేయడం. అదంతా బాగా వచ్చినవాళ్ల మీద సైన్యం కన్ను పడింది. తొలినాటి విమానాల ముందు తిరిగే రెక్కలు, అదే ప్రొపెల్లర్లు, కర్రవే. 1921 నుంచి నిప్పన్ గక్కి వాటినీ చేయడం మొదలుపెట్టింది. తర్వాత లోహపు రెక్కల్లోకి దిగింది.

ఇక్కడే ఓ చిత్రమైన పరిచయం. యుద్ధకాలంలో రెక్కలు చెక్కే పని నత్తనడక నడుస్తోంది. ఒక్కో రెక్క చేతితో చెక్కాలంటే రోజులు పట్టేది. అదే హమామట్సులో పిస్టన్ రింగులు తయారుచేసే ఓ మొండిఘటం ఉన్నాడు... కమ్మరి కొడుకు. నిప్పన్ గక్కి అధ్యక్షుడు కయిచి కవకామి అతణ్ని పిలిచి సాయం అడిగాడు. అతను దానంతటదే రెక్కలు చెక్కే యంత్రాన్ని చేసిచ్చాడు. రోజుల పని నిమిషాల్లోకి వచ్చింది. ‘ఇతను మన ఎడిసన్’ అన్నంతగా కవకామి మెచ్చుకున్నాడంటారు.

ఆ కమ్మరి కొడుకు పేరు సొయిచిరో హోండా. నలభై ఏళ్ల తర్వాత అతని కంపెనీయే వీళ్ల కంపెనీ గొంతు మీద కాలు పెడుతుందని అప్పుడెవరికి తెలుసు!

యుద్ధం ముగిసింది. హమామట్సు బాంబుల దెబ్బకు బూడిదైంది. విమానాలు చేయకూడదన్నారు. రెక్కలు చేసిన మంచి మంచి యంత్రాలన్నీ పనిలేక పడున్నాయి. 1950లో కయిచి కుమారుడు గెనిచి కవకామి అధ్యక్షుడయ్యాడు. వయసు 38. హార్మోనికాలు, పియానోలు మళ్లీ మొదలయ్యాయి సరే, ఆ యంత్రాలను ఏం చేయాలి? కుట్టుమిషన్లు, స్కూటర్లు, కారు విడిభాగాలు... చాలా ఆలోచించారు. 1953 చివర్లో ఆయన తన మనుషులకు చెప్పేశాడు. మోటారు సైకిల్ ఇంజిన్ చేయండి!

ఎర్ర తూనీగ

నిజానికి అది తెలివైన నిర్ణయంలా కనిపించలేదు. అప్పటికే జపాన్‌లో వందకు పైగా కంపెనీలు మోటారు సైకిళ్లు చేస్తున్నాయి. యుద్ధం తర్వాత బస్సుల్లేవు, కార్లు కొనే స్థోమత లేదు. సైకిలుకు చిన్న ఇంజిన్ బిగించినవాడల్లా కంపెనీ పెట్టేశాడు. హోండా మొదలైంది అలాగే. సుజుకి కూడా అదే ఊరిదే. మిచియో సుజుకి మగ్గాలు చేసే మనిషి. 1909 నుంచీ నేత యంత్రాలే ఆయన వ్యాపారం. ఏలూరు తివాచీల మగ్గాల పక్కనే మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ వెలిసిందనుకోండి, అలాగన్న మాట! కమ్మరి కొడుకు, మగ్గాల మేస్త్రి, హార్మణీ పెట్టెల కంపెనీ... లోకాన్ని చుట్టేసిన నాలుగు జపాన్ బండ్లలో మూడింటి మూలం ఒక్క హమామట్సే. నాలుగోది కవాసకి. అది ఓడలు కట్టే కోబే కంపెనీ.

ఆఖర్న వచ్చిన యమహా వాళ్లు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. జర్మనీకి చెందిన డీకేడబ్ల్యూ బండిని ముందు పెట్టుకుని దాన్నే దిద్దారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఓడిపోయిన జర్మనీ బండి కావడంతో ఇంగ్లండులో బీఎస్ఏ, అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ కూడా దాన్నే నమూనాగా తీసుకున్నాయి. తేడా అంతా పనితనంలో ఉంది. 125 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు. నమూనా బండ్లను పదివేల కిలోమీటర్లు తిప్పి చూశారు. మిగతా కంపెనీలన్నీ నల్లటి బండ్లు చేస్తుంటే వీళ్లు ఎర్రమట్టి రంగూ దంతపు రంగూ కలిపి వేశారు. సన్నగా, తేలిగ్గా ఉన్న దాన్ని జనం ‘అకటొంబో’ అన్నారు. ఎర్ర తూనీగ!

1955 ఫిబ్రవరిలో తొలి బండ్లు బయటికొచ్చాయి. ధర లక్షా 38 వేల యెన్లు. పట్టభద్రుడి తొలి జీతం నెలకు పదకొండు వేలు కూడా లేని రోజులవి. ఏడాది జీతం పోసినా బండి రాదు. పైగా పియానోల కంపెనీ బండి! ఎవరు కొంటారు? జులై 1న యమహా మోటార్ పేరుతో వేరే కంపెనీ పెట్టారు. అదే నెలలో ఫ్యూజీ పర్వతం ఎక్కే పందెం వచ్చింది. హోండాతో సహా అందరూ దిగే పందెం. కొత్త కంపెనీ ఓడితే కథ అక్కడితో సరి. ఎర్ర తూనీగ 125 సీసీ విభాగంలో గెలిచింది. నవంబరులో అసామా అగ్నిపర్వతం దగ్గర జరిగిన పందెంలోనూ ముందు వరస వాళ్లదే. ఆ తర్వాత అమ్మకాల గురించి బెంగపడలేదు.

అప్పటి నుంచి ఆ కంపెనీ తీరు అదే. ముందు పందెంలో గెలవాలి, తర్వాత దుకాణంలో అమ్మాలి. 1964లో ఫిల్ రీడ్ యమహా మీద 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది ఆటోల్యూబ్ వచ్చింది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే బాధ లేకుండా, ఆయిలుకు వేరే ట్యాంకు, ఇంజిన్ వేగాన్ని బట్టి కావలసినంతే అందించే పంపు. 1967లో టొయోటా ‘2000 జీటీ’ అనే అందమైన కారు తెస్తే ఇంజిన్ పనిలో యమహా మోటార్ చేయి ఉంది. లోపలి చెక్క పలకల పని నిప్పన్ గక్కిది. పియానో చెక్కే చేతులు!

ఇంతకీ వాద్యాల కంపెనీ, బండ్ల కంపెనీ ఇప్పుడు వేర్వేరు. చర్చిలో కీబోర్డు మీదున్న యమహాకూ, బయట నిలబెట్టిన బండి మీదున్న యమహాకూ మధ్య ఉన్నది చుట్టరికం. గుర్తును పరీక్షగా చూస్తే తేడా తెలుస్తుంది. కీబోర్డు మీద శ్రుతి దండాలు చక్రం లోపలే ఒదిగుంటాయి. బండి మీద వాటి కొసలు చక్రం అంచును తాకుతాయి. పిల్లలకు చూపించి పందెం కాయొచ్చు.

హోండాతో కయ్యం

1970లు ముగిసేసరికి హోండా ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. యమహా రెండోది. హోండా దృష్టి కార్ల మీదికి మళ్లింది, పెద్ద పెద్ద ఇంజినీర్లంతా అటే వెళ్లారు. ఇదే అదను అనుకున్నాడు అప్పటి యమహా మోటార్ అధ్యక్షుడు హిసావో కొయికే. 1981లో బహిరంగంగానే సవాలు విసిరాడు. ఏడాదికి పది లక్షల బండ్లు చేసే కొత్త ఫ్యాక్టరీ కడతాం, హోండాను దాటేస్తాం అన్నాడు.

నిద్రపోతున్న సింహం జూలు లాగడమంటే ఇదే. హోండా పద్దెనిమిది నెలల్లో 113 మోడళ్లు దించింది. అంటే, వారానికి ఒకటి కన్నా ఎక్కువ! యమహా తేగలిగింది అందులో మూడో వంతు. ధరలు తెగ్గోశారు. నిన్న కొత్తదనుకున్న యమహా బండి ఇవాళ హోండా కొత్త మోడల్ పక్కన పాతదైపోయింది. దుకాణాల్లో, గోదాముల్లో యమహా బండ్లు గుట్టలు పడ్డాయి. ఏడాదికి పైగా అమ్ముకోవాల్సినంత సరుకు! అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1983 ఆరంభంలో కొయికే ఓటమి ఒప్పుకున్నాడు. క్షమాపణ చెప్పాడు. పదవి పోయింది. ఉద్యోగుల్ని తగ్గించారు, ఆస్తులు అమ్మారు. ఒక మాట తూలినందుకు ముప్ఫై ఏళ్ల కష్టం కొట్టుకుపోయేంత పనైంది.

జపాన్‌లో అలా దెబ్బతిన్న కాలంలోనే భారతదేశం తలుపు తీసింది.

రాజ్‌దూత్ ఇంటికి కొత్త కోడలు

అప్పటికి మనకున్న బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బుల్లెట్, జావా వారసుడు ఎజ్డీ, రాజ్‌దూత్. స్కూటర్ కావాలంటే బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. రాజ్‌దూత్‌ది పోలెండ్ మూలం. ఫరీదాబాద్‌లోని ఎస్కార్ట్స్ 1962 నుంచి చేస్తోంది. మన రైతులకు ఎస్కార్ట్స్ అంటే ట్రాక్టర్ గుర్తొస్తుంది, ఆ కంపెనీయే. రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పాలు పోసేవాళ్ల బండిగా రాజ్‌దూత్‌కు పేరు. ఎంత బరువైనా మోస్తుంది, ఎప్పటికో చేరుస్తుంది.

1980ల తొలి ఏళ్లలో కేంద్రం విదేశీ కంపెనీలతో పొత్తుకు దారి తెరవగానే నలుగురు జపాన్ వాళ్లూ నాలుగు ఇళ్లు చూసుకున్నారు. సుజుకి టీవీఎస్‌తో, హోండా హీరో సైకిళ్లవాళ్లతో, కవాసకి బజాజ్‌తో, యమహా ఎస్కార్ట్స్‌తో. ఎస్కార్ట్స్ మొదట 1983లో రాజ్‌దూత్ 350 తెచ్చింది. అది యమహా ఆర్‌డీ 350కి మన దేశపు రూపం. రెండు సిలిండర్లు, గుర్రం లాంటి బండి. గుర్రానికి పెట్టినంత దాణా పెట్టాలి కూడా! లీటరు పెట్రోలు ఎటు పోతోందో తెలిసేది కాదు. రోడ్లూ దానికి సరిపోలేదు, జేబులూ సరిపోలేదు. కొన్నేళ్లకే ఆగిపోయింది.

1985 ఏప్రిల్‌లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. అదే ఏడాది నవంబరులో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. ఆ రెండు బండ్ల మధ్య తేడా ఏమిటంటే, ఒకటి నాన్న బండి, ఒకటి కొడుకు బండి.

సీడీ 100 ఫోర్ స్ట్రోక్. లీటరుకు 80 కిలోమీటర్లని ప్రకటనల్లో చెప్పేవారు. ఆర్ఎక్స్ 100 టూ స్ట్రోక్. అందులో సగం ఇచ్చినా సంతోషమే. ఇంజిన్ మాత్రం 98 సీసీలోనే 11 గుర్రాల శక్తి ఇచ్చేది. బండి బరువు 103 కిలోలు. తేలిక ఒంటికి అంత బలం ఉంటే ఏమవుతుంది? మెడ వెనక్కి వాలుతుంది! అందుకే మెట్టలోనైనా డెల్టాలోనైనా బండి కొనే ఇంట పంచాయతీ ఒకటే. పెట్రోలు లెక్క కట్టి నాన్న హీరో హోండా అంటాడు. అన్నం మానేసి కొడుకు యమహా అంటాడు. పెళ్లిళ్లలో బండి పెట్టడం ఆచారంగా మారిన రోజులు కాబట్టి ఒక్కోసారి ఆ పెట్రోలు బాధ పిల్లనిచ్చిన మామగారి మీద పడేది. కట్నం కింద వచ్చిన బండి మీద మోజు పడ్డంత తేలిగ్గా, దాన్ని కొనడానికి ఎవరు ఎకరం తాకట్టు పెట్టారో గుర్తుపెట్టుకోరు.

గట్లకు సరిపోయిన ఒళ్లు

కామవరపుకోట ఏలూరుకు ఉత్తరాన మెట్ట సీమ. ఎర్రనేల, మామిడి, జీడిమామిడి, పొగాకు, తర్వాత వచ్చిన పామాయిల్, కొబ్బరి నీడన కోకో. ఎక్కడం, దిగడం ఉన్న దారులు. గుంటుపల్లి బౌద్ధ గుహలు ఈ మండలంలోనే ఉన్నాయి. రెండువేల ఏళ్ల కిందట కర్ర దూలాల్ని తలపించేలా రాతిని చెక్కిన పనివాళ్ల ఊరది. దక్షిణానికి వెళ్లేకొద్దీ దేశం పళ్లెంలా చదునవుతుంది. ఏలూరు దాటితే కొల్లేరు. అక్కడ చెరువు గట్లు, కాలవ గట్లు. వర్షాకాలంలో ఆ రేగడి మట్టి చక్రానికి పట్టిందంటే బండి కదలదు.

ఈ రెండు రకాల నేలకూ ఆర్ఎక్స్ అతికినట్టు సరిపోయింది. మెట్టలో ఎగుడు వస్తే గేరు తగ్గించి రెట్టిస్తే చాలు, ఇద్దరినీ ఓ బస్తానూ లాగేస్తుంది. గట్టు మీద బురదలో దిగబడితే ఒక్కడే లేపి పక్కన పెట్టుకోవచ్చు. కొల్లేటి లంకలకు పోవాల్సొస్తే ఇద్దరు పట్టి పడవలోకి ఎక్కించేయొచ్చు. బుల్లెట్‌తో ఆ పని పెట్టుకుంటే పడవే మునుగుతుంది! మెట్టలో పామాయిల్ వేళ్లూనడం, కొల్లేరు చుట్టూ చేపల చెరువులు పెరగడం ఇంచుమించు ఆ కాలంలోనే. చేతిలో కాస్త డబ్బు ఆడిన కుర్రకారుకు ఆ బండి హోదా అయింది.

దాని సంసారం కూడా తేలిక. ఇంజిన్‌లో ఫోర్ స్ట్రోక్‌కు ఉండే లాంటి కవాటాలుండవు. పానాల సంచీ ఉన్న మెకానిక్ చింత చెట్టు కింద కూర్చుని పూటలో విప్పి పూటలో బిగించేవాడు. ప్లగ్గు నల్లబడితే గీకడం, సైలెన్సర్లో మసి పేరుకుంటే లోపలి గొట్టం తీసి కాల్చి దులపడం, పిస్టన్ అరిగితే సిలిండర్ బోరింగ్ చేయించడం. జపాన్‌వాళ్లు అంత కష్టపడి కనిపెట్టిన ఆటోల్యూబ్ పంపు మీద మాత్రం మన మెకానిక్కులకు నమ్మకం కుదరలేదు. ఆయిలు అందకపోతే ఇంజిన్ పట్టేస్తుందని భయం. పంపు పీకి అవతల పెట్టి, పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయించారు. ‘కళ్లతో చూసి పోసుకున్నదే నిజం’ అన్న లెక్క.

ఇదంతా ఒకవైపు. పేరులోనే యముడున్నాడని పెద్దలు భయపడింది ఊరికే కాదు. అంత వేగానికి ఆ సన్నటి టైర్లూ, చిన్న డ్రమ్ము బ్రేకులూ ఏ మూలకీ చాలవు. హెల్మెట్ అన్న మాట ఊళ్లలో ఎవరూ వినని రోజులు. శబ్దం కోసం సైలెన్సర్లో గొట్టం పీకేసి, చీకట్లో రోడ్డు పక్కన ఆపిన ఎడ్ల బండిని చూసుకోక... అలాంటి కథ లేని ఊరు దొరకడం కష్టం. మూలపడున్న బండి ఎందుకు అమ్మరని అడిగితే కొన్ని ఇళ్లలో జవాబు రాదు. ఆ బండి నడిపినవాడి ఫొటోకు దండ వేసుంటుంది.

పొగే పగైంది

ఆర్ఎక్స్‌ను చంపింది హీరో హోండా అనుకుంటారు. సగమే నిజం. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పుట్టుకతోనే ఓ జబ్బుంది. అందులో పిస్టన్ ఒకసారి పైకెళ్లి కిందికొచ్చేలోగా పనంతా అయిపోవాలి. కాలిన వాయువు బయటికి పోవడం, కొత్త పెట్రోలు ఆవిరి లోపలికి రావడం ఒకేసారి జరుగుతాయి. ఆ తొక్కిసలాటలో కొత్తది కూడా కొంత కాలకుండానే సైలెన్సర్ దారి పట్టిపోతుంది. మన డబ్బు అటే పోతుంది. దానికి తోడు పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది, నీలం పొగ. ఫోర్ స్ట్రోక్‌లో ఈ బాధ లేదు. అయితే అందులో రెండు చుట్లకోసారి గానీ పేలుడు ఉండదు, అందుకే ఆ ‘రయ్’ రాదు.

1990లలో దేశంలో పొగ మీద నిబంధనలు మొదలై, 1996లోనూ 2000లోనూ బిగిశాయి. ఆర్ఎక్స్ 100 కు 1996లో తెరపడింది. దాని తమ్ముడు ఆర్ఎక్స్ 135 మరి కొన్నేళ్లు లాక్కొచ్చి 2005 ప్రాంతంలో ఆగిపోయింది. ఈలోగా ఇల్లు కూడా మారింది. 1995లో యమహా, ఎస్కార్ట్స్ చెరిసగం వాటాతో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 2001 నాటికి మొత్తం యమహా చేతికొచ్చింది. చాలాకాలం ఆ కంపెనీకి మన దేశంలో ఏం చేయాలో తోచలేదనే చెప్పాలి. మైలేజీ పోటీలో హీరో హోండా స్ప్లెండర్‌ను తట్టుకోలేక వెనకబడింది. 2008లో ఆర్15, ఎఫ్‌జెడ్ వచ్చాక గానీ కుర్రకారు మళ్లీ అటు చూడలేదు. హీరో, హోండాల కాపురం కూడా శాశ్వతమేం కాలేదు. 2010 డిసెంబరులో విడాకులు ప్రకటించుకున్నాయి.

ఆర్ఎక్స్ మాత్రం పోయాక పెద్దదైంది. 2018లో అదే పేరుతో తెలుగులో సినిమా వచ్చింది. గోదావరి ఒడ్డు పల్లెలో కథ, హీరో కింద ఆ బండి. అది ఆడాక పాత బండ్ల కోసం వెతుకులాట ఇంకా పెరిగింది. కంపెనీ ఆ పేరును మళ్లీ తెస్తుందన్న కబురు ఏటా ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది.

మోజుపడి కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే. ఆ తర్వాత రవాణా శాఖ తనిఖీలో నెగ్గి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. చివరి బండికీ ఆ గడువు 2011లోనే దాటిపోయింది. పుస్తకం లేని బండి, ఇంజిన్ నంబరు చెరిపి కొట్టిన బండి, రెండు మూడు బండ్ల ముక్కలతో అతికిన బండి... అన్నీ అమ్మకానికి వస్తుంటాయి. తీగ మీద ఎండేసిన కొత్త చొక్కాలా మెరుస్తున్నంత మాత్రాన అసలుదని కాదు. గొలుసు దొంగలకు ఒకప్పుడు ఇష్టమైన బండి కూడా ఇదేనని మరిచిపోకూడదు!

ఇక ఆ శబ్దం సంగతి. ఆర్ఎక్స్ ఇంజిన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య ఓ చిన్న భాగముంటుంది. సన్నటి రేకులు. ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసి ఉంటాయి. ఇంజిన్ పీల్చినప్పుడు తెరుచుకుని పెట్రోలు ఆవిరిని లోపలికి వదులుతాయి, మరుక్షణం మూసుకుని వెనక్కి పోనివ్వవు. నిమిషానికి వేలసార్లు. 1970ల ఆరంభంలో యమహా తన రోడ్డు బండ్లకు ఈ పద్ధతి తెచ్చింది. తక్కువ వేగంలోనూ ఆర్ఎక్స్ అంత చురుగ్గా ఉరకడానికి కారణం అదే. దాని పేరు రీడ్ వాల్వ్. హార్మోనియంలో ఉండేదీ అలాంటి రేకే. ఒక చివర బిగించి, రెండో చివర గాలికి వదిలేసింది. దాన్నీ రీడ్ అనే అంటారు. తొరకుసు కావడి మోసిన పెట్టెలో మోగినవి అవే. ఇది కాకతాళీయం కావచ్చు. ఆర్గాన్ చూసి ఎవరూ రీడ్ వాల్వ్ చేయలేదు.

బండి స్టార్టింగ్ మొరాయించి, ప్లగ్గు మార్చినా లాభం లేకపోతే పాత మెకానిక్ ఆ రేకుల గూడు విప్పుతాడు. పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక కన్ను మూసి ఎండకు ఎత్తి పట్టుకుంటాడు. రేకు కింద నుంచి వెలుతురు గీత కనిపించిందంటే అది సరిగ్గా కూర్చోవడం లేదన్న మాట. మార్చేస్తాడు. కనిపించకపోతే మళ్లీ బిగించి, కిక్కు మీద కాలేసి, రెండోసారికే అంటుకుంటే చేతులు తుడుచుకుంటూ కాసేపు వింటాడు.